గాలియం మిశ్రమంతో తిరిగే హైస్పీడ్ బేరింగ్‌ని పరీక్షించడం ఎలా

నూనె బేరింగ్‌లో షాఫ్ట్ గోడకి తగులుతోందా లేదా అన్నది మీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూస్తే తెలిసిపోతుంది. గాలియం, ఇండియం, తగరం కలిపిన ద్రవలోహం పోస్తే ఆ కిటుకు పనిచెయ్యదు, ద్రవమే కరెంటుని దాటిస్తుంది కాబట్టి తగిలినా తగలకపోయినా మీటర్ ఒకే మాట చెబుతుంది. అందుకే రెండు ప్రాక్సిమిటీ ప్రోబులు (షాఫ్ట్ ఎంత దూరంలో ఉందో తాకకుండా కొలిచే సెన్సర్లు), ఒకదానికొకటి 90 డిగ్రీల్లో, షాఫ్ట్ పొడిగా ఉండే చోట బిగించండి.

రిగ్‌లో, అంటే పరీక్ష అమరికలో, ద్రవలోహం చేరగలిగే ఏ మూలా అల్యూమినియం ఉండకూడదు, చిన్న వాషర్ అయినా సరే. గాలియం అందులోకి చొరబడి పెళుసుగా మార్చేస్తుంది. తడిసే భాగాలకి మాలిబ్డినం నయం. నింపడం వ్యాక్యూమ్‌లోనో ఆర్గాన్‌లోనో చెయ్యండి, గాలి తగిలితే పాల మీద మీగడలా ఆక్సైడ్ పొర కట్టి సన్నటి గాడుల్లో ఇరుక్కుంటుంది. సీటీ స్కాన్ ఎక్స్‌రే ట్యూబుల్లో ఇలాంటి బేరింగ్‌లు వ్యాక్యూమ్‌లోనే తిరుగుతాయి.

అసలు తలనొప్పి షాఫ్ట్‌కీ గోడకీ మధ్య ఉండే గ్యాప్ దగ్గర. ఈ లోహం నీళ్లకంటే ఆరు రెట్లకు పైగా బరువు, చిక్కదనం మాత్రం అంతగా ఉండదు, దాంతో ప్రవాహం తొందరగా సుడులు తిరుగుతుంది. 30 మి.మీ. షాఫ్ట్‌ని 10,000 ఆర్‌పీఎంలో తిప్పుతున్నారనుకోండి: గ్యాప్ 20 మైక్రాన్లయితే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సుడులకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే లెక్క) సుమారు 850, సుడులు మొదలయ్యే హద్దు 1,130 దగ్గర, కాబట్టి ఫర్వాలేదు. అదే 30 మైక్రాన్లు చేస్తే సంఖ్య 1,270కి పెరుగుతుంది, హద్దేమో 920కి దిగిపోతుంది, ఇక రాపిడి మీ లెక్కకి అందదు. పది మైక్రాన్లే కదా అని వదిలేసేవాళ్లకి ఇక్కడే దెబ్బ.

ఖరీదైన లోహం పోసేముందు 80 డిగ్రీల వేడినీళ్లతో ఒకసారి నడిపి చూడండి, రేనాల్డ్స్ సంఖ్య దాదాపు అంతే వస్తుంది. కాకపోతే నీటి పొర మోసే బరువు చాలా తక్కువ, లోడ్‌ని సుమారు ఆరున్నరో వంతుకి తగ్గించాలి. నీళ్లకి తుప్పుపట్టే భాగాలుంటే మాత్రం ఈ పని వద్దు. తర్వాత చుక్క తేమ కూడా మిగలకుండా ఆరబెట్టాలి.

వేగం మెట్లు మెట్లుగా పెంచుతూ ప్రోబుల స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కదలిక ఉందో చూపే గ్రాఫ్) మీద కన్నేసి ఉంచండి. 10,000 ఆర్‌పీఎం అంటే 167 హెర్ట్జ్, దాంట్లో సగానికి కాస్త తక్కువలో, 80 చుట్టుపక్కల, కొత్త గీత లేచిందంటే షాఫ్ట్ తన చుట్టూ తాను తిరగడమే కాక బేరింగ్ లోపల గుండ్రంగా గిరికీలు కొడుతున్నట్టే, వెంటనే వేగం తగ్గించండి. లోడ్ లేని నిలువు షాఫ్ట్‌లో ఇది ఇంకా ముందే వస్తుంది, కాబట్టి పరీక్ష గట్టిగా ఉండాలంటే ఆ అమరికలోనే చెయ్యండి.

ప్రతి రన్ చివర డ్రైవ్ తీసేసి, షాఫ్ట్ దానంతట అది ఆగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అదే ఉష్ణోగ్రతలో ఆ సమయం రన్ రన్‌కీ తగ్గుతూ వస్తుంటే మొదట అనుమానించాల్సింది ఆక్సైడ్‌ని, ఆ తర్వాతే లోహం మీద పడ్డ గీతల్ని.