ఫ్లైట్ ఎన్ని గంటలో నోటిలెక్కతోనే
రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గాలిదూరాన్ని (రోడ్డు దూరం కాదు సుమా) 850తో (విమానం గంటకు దాదాపు అన్ని కి.మీ. వెళ్తుంది) భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలపండి. లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే సుమారు 5,540 కి.మీ., అంటే ఏడు గంటలు. న్యూయార్క్ నుంచి లండన్ వచ్చేటప్పుడు ఈ లెక్క దాదాపు సరిపోతుంది. అటు వెళ్లేటప్పుడు మాత్రం ఎనిమిది దాకా పడుతుంది, పైన ఎత్తులో పడమటి నుంచి జోరుగా వీచే గాలి (జెట్ స్ట్రీమ్) ఎదురొస్తుంది మరి.

టికెట్ మీద టైం చూసి మాత్రం లెక్కేయకండి. లండన్‌లో ఉదయం 11కి ఎక్కితే న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కి దిగుతారని ఉంటుంది. మూడు గంటలేనా అనిపిస్తుంది! ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు, మధ్యలో మామూలుగా ఐదు గంటల తేడా.