మంచు పడకముందే: వరిలో అగ్గి తెగులుకు జాగ్రత్తలు

రాత్రి చలి, తెల్లారేసరికి ఆకుల మీద మంచు, పగలు మబ్బు. దాళ్వా వరి పిలకలు వేసే రోజుల్లో ఈ మూడూ కలిశాయంటే అగ్గి తెగులుకు వేళైనట్టే. చాలామంది నూలుకండె ఆకారపు మచ్చ కనబడ్డాకే మందుల దుకాణానికి బయలుదేరతారు. మచ్చ తేలేసరికి తెగులు లోపల పాతుకుపోయి ఉంటుంది.

అగ్గి తెగులు ఒక శిలీంధ్రం (బూజు లాంటిది) వల్ల వస్తుంది. ఆకు మీద పడిన దాని సిద్ధబీజం (విత్తనం లాంటి కణం) తడి దొరికితే కొన్ని గంటల్లోనే మొలకెత్తి నల్లటి చిన్న బుడిప కడుతుంది. అందులో ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా చేరుతుంది, కారు టైరులో గాలికి సుమారు 40 రెట్లు. ఆ బలంతో ఆకు పొరను పొడిచి లోపలికి దిగుతుంది. వరి ఊరికే ఉండదు. శిలీంధ్రం గోడ నుంచి రాలే కైటిన్ (ఆ గోడను కట్టే పదార్థం) ముక్కలను పసిగట్టి ఎదురుదాడికి సిద్ధమవుతుంది. అయితే శిలీంధ్రం ఎస్‌ఎల్‌పి1 అనే ప్రోటీన్‌ను వదిలి ఆ ముక్కలను ముందే పట్టేస్తుంది, మొక్కకు సంగతే తెలియదు. మరికొన్ని ప్రోటీన్లు కణాల్లోకే దూరి మిగిలిన రక్షణను అణిచేస్తాయి. బతికున్న కణాల్లోనే నాలుగైదు రోజులు పాకి, అప్పుడు మచ్చగా బయటపడుతుంది.

కాబట్టి పని నారుమడికి ముందే మొదలవ్వాలి. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి, కిలో విత్తనం 24 గంటలు నానబెట్టి మండె కట్టండి (మొలకెత్తడానికి మూట కట్టి ఉంచండి). సాంబ మసూరి (బీపీటీ 5204) వేసేవాళ్లు మరీ జాగ్రత్త, ఈ తెగులుకు అది సులువుగా లొంగుతుంది. ఏటా తెగులొచ్చే పొలమైతే నెల్లూరు మసూరి లాంటి తట్టుకునే రకం మేలు. అలాగని నిశ్చింత పనికిరాదు. మొక్క గుర్తుపట్టే ప్రోటీన్‌ను శిలీంధ్రం మార్చుకుంటే ఆ రకం బలమూ తగ్గిపోతుంది.

యూరియా సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. యూరియా ఎక్కువై పైరు నల్లగా నిగనిగలాడితే పక్క రైతు మెచ్చుకుంటాడు, తెగులూ మెచ్చుకుంటుంది. ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయండి. మంచు, మబ్బు ఉన్న వారంలో పైపాటు (నిలిచిన పైరుకు వేసే యూరియా) ఆపండి. గట్ల మీద గడ్డి కూడా తీసేయండి.

ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు ఆ బుడిపకు నలుపు రాకుండా అడ్డుకుంటుంది. నలుపు లేనిదే ఒత్తిడి నిలవదు. లోపలికి దిగిపోయిన శిలీంధ్రం మీద దాని పని అంతంతే. అందుకే వాతావరణం అనుకూలిస్తున్నప్పుడు, మచ్చలు ఒకటీ అరా ఉండగానే లీటరుకు 0.6 గ్రాములు కొట్టాలి. లేదంటే ఐసోప్రొథయోలేన్ 1.5 మి.లీ. ఎప్పుడూ ఒకే మందు కొట్టకుండా మార్చండి.

ఈనిక ముందు ఇంకోసారి చేను చూడండి. మెడ విరుపు (కంకి మెడకు సోకే అగ్గి తెగులు) వస్తే ఆకు మచ్చలతో వచ్చేదానికంటే నష్టం ఎక్కువ, గింజలు తాలు పోతాయి. తెల్ల కంకి కనబడితే పట్టి లాగండి: సులువుగా ఊడొస్తే కాండం తొలిచే పురుగు, మెడ దగ్గర నల్లబడి విరిగితే అగ్గి తెగులు. ఎండిపోయిన కంకికి ఏ మందూ ప్రాణం పోయదు. ఆ చేను గింజను మాత్రం విత్తనానికి ఉంచుకోకండి.