టెలిస్కోప్ అద్దాన్ని బిగించకుండా నిలబెట్టడం ఎలా?

ఇంట్లో టెలిస్కోప్ చేసుకునేటప్పుడు అద్దం ఎక్కడ జారిపోతుందోనన్న టెన్షన్‌తో క్లిప్పులు గట్టిగా బిగించేస్తాం. అక్కడే చెడుతుంది. గాజు గట్టిదే, కానీ ఆకుపచ్చ కాంతి తరంగం పొడవు సుమారు 550 నానోమీటర్లు, అందులో ఎనిమిదో వంతు అద్దం వంగినా తిరిగొచ్చే కాంతిలో ఆ తేడా రెట్టింపై బొమ్మ పాడవడం మొదలవుతుంది. కాబట్టి అద్దాన్ని ఆనించాలి, నొక్కకూడదు.

6 అంగుళాల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దానికి వెనక మూడు ఆనికలు చాలు. అద్దం వ్యాసార్ధంలో 0.4 వంతు దూరంలో అవి ఉండాలి, అంటే కేంద్రం నుంచి 30 మిల్లీమీటర్లు. ప్లైవుడ్ బిళ్ల మీద ఆ కొలతతో వృత్తం గీసి, కంపాస్ అలాగే ఉంచి చుట్టూ గుర్తులు పెడితే ఆరు వస్తాయి, ఒకటి విడిచి ఒకటి తీసుకోండి. అక్కడ ఒకే మందం ఉన్న ఫెల్ట్ ముక్కలు అతికించండి. బిళ్లకి మధ్యలో పెద్ద రంధ్రం ఉంటే గాలి ఆడి అద్దం త్వరగా చల్లబడుతుంది.

ట్యూబ్ వంచినప్పుడు బరువు అంచు మీద పడుతుంది కదా, దానికి కింద రెండు ఆనికలు కావాలి. డాబ్సోనియన్ (పైకీ కిందకీ, పక్కలకీ తిప్పే సాదా పెట్టెలాంటి స్టాండు మీద ఉండే టెలిస్కోప్) అయితే అద్దం అట్టడుగు నుంచి చెరోవైపు 45 డిగ్రీల దగ్గర, అంచు మందానికి దాదాపు మధ్యలో పెట్టండి. ముందువైపు క్లిప్పులు అద్దం పడిపోకుండా ఆపడానికే, పట్టుకోవడానికి కాదు. క్లిప్పుకీ అద్దానికీ మధ్య కాగితం ఎక్కడా పట్టకుండా జారాలి.

ఈ బిళ్లని ఇంకో చెక్కకి మూడు బోల్టులతో, మధ్యలో గట్టి స్ప్రింగులు పెట్టి కలిపితే అద్దం వాలు సరిచేసుకోవచ్చు. మెత్తటి స్ప్రింగులు వేస్తే ట్యూబ్ తిప్పిన ప్రతిసారీ సర్దుకుంటూ కూర్చోవాలి.

అద్దం పెద్దదై, పలచగా ఉంటే మూడు చాలవు. అప్పుడు 9 లేదా 18 ఆనికలు, మూడేసి చొప్పున స్వేచ్ఛగా ఊగే త్రికోణాల మీద.

చివరికి, అద్దం చల్లబడ్డాక ఒక నక్షత్రాన్ని ఫోకస్‌లో చూడండి. మూడు మూలలుగా కనిపిస్తే క్లిప్పులు వదులు చేయండి. ఫోకస్‌కి అటూ ఇటూ తిప్పితే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా సాగుతోందా? తల పక్కకి వంచి చూడండి. సాగుడు తలతోపాటు తిరిగితే తప్పు మీ కంటిది. లేదంటే అద్దాన్ని ఆనికల మీద 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి: సాగుడు అద్దంతో తిరిగితే లోపం గాజుది, కదలకపోతే ముందుగా ఆనికల్ని అనుమానించండి.