నర్సరీ పిల్లలతో గింజల ప్రాజెక్టు: రెండు వారాలకు ఎలా ప్లాన్ చేసుకోవాలి

నర్సరీ ప్రాజెక్టు అనగానే మన దగ్గర గుర్తొచ్చేది థర్మాకోల్, చార్టులు, రాత్రి పదకొండింటికి జిగురు పూస్తూ కూర్చున్న అమ్మానాన్నలు. దయచేసి ఆ పద్ధతి మానేద్దాం. మూడేళ్ల పిల్లకి ప్రాజెక్టు అంటే తను ముట్టుకున్నది, తను అడిగింది, తన కళ్ల ముందే మారింది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు ఆటలతోనే నేర్పమంటోంది.

అంతరిక్షం, రవాణా సాధనాలు లాంటివి గోడ మీద బొమ్మలకు బాగుంటాయి గానీ పిల్లల చేతికి అందవు. వంటింట్లో ఉన్నదే తీసుకోండి, నా ఓటు గింజలకు. జూన్‌లో మాత్రం మొదలుపెట్టొద్దు, అప్పటికింకా సగం మంది గేటు దగ్గర ఏడుస్తూనే ఉంటారు. జులై చివర్లో అయితే పిల్లలూ కుదురుకుంటారు, వాన తడికి మొలకలూ బాగా వస్తాయి.

ముందు మీరు ఇంట్లో ఒకసారి మొలకెత్తించి చూసుకోండి. పెసలు రాత్రి నానబెట్టి, నీళ్లు వంపేసి తడిగుడ్డలో కడితే ఒకటి రెండు రోజుల్లో మొలకొస్తుంది. మెంతులకు రెండు మూడు రోజులు చాలు. ధనియాలకు వారం దాటుతుంది, అంతసేపు ఈ వయసు వాళ్లు ఆగలేరు కాబట్టి వాటిని వదిలేయండి. విత్తనాల షాపులో రంగు పూసి అమ్మేవి వద్దు, వాటికి మందు కలిపి ఉంటుంది. గురివింద గింజలు, ఆముదం గింజలు అందంగా ఉన్నాయని ఎవరైనా తెచ్చినా క్లాసులోకి రానివ్వకండి, రెండూ విషమే. ఈ వయసులో గింజని ముక్కులోనో చెవిలోనో దూర్చుకోవడం మామూలే, అందుకే ఐదారుగురికి ఒక పెద్దమనిషి పక్కనే ఉండాలి. ఆయమ్మకి కూడా ముందే చెప్పి ఉంచండి.

మొదటి రోజు పాఠం చెప్పొద్దు. నానిన శనగలు తలా రెండు ఇచ్చి, పొట్టు వాళ్లనే తీయమనండి. రెండు బద్దలు విడిపోతాయి, మధ్యలో ముక్కులా చిన్న మొలక కనిపిస్తుంది. అప్పుడు "ఇదేంటి?" అని అడిగి ఊరుకోండి. "పురుగు", "బుజ్జి పాప" ఏదన్నా సరే, వాళ్ల మాటల్లోనే, పేరుతో సహా చార్టు మీద రాయండి. సరిదిద్దొద్దు, వారం తర్వాత అదే చార్టు చదివి వినిపిస్తే వాళ్లే సరిదిద్దుకుంటారు.

తర్వాత మూడు కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి మెంతులు చల్లించండి. ఒకటి కిటికీ దగ్గర పెట్టి నీళ్లు పోయండి, ఇంకోదానికి నీళ్లు మానేయండి, మూడోది నీళ్లు పోస్తూనే అలమారాలో చీకట్లో పెట్టండి. చీకట్లోది పచ్చబడకుండా పసుపుపచ్చగా, సన్నగా సాగుతుంది. అది చూశాక ఎండ ఎందుకో మీరు పెద్దగా చెప్పాల్సిన పనుండదు.

లెక్కలు కూడా ఇక్కడే వస్తాయి. స్కేలు వాళ్లకు అర్థం కాదు, దారం అర్థమవుతుంది. రోజూ మొక్క పక్కన దారం పట్టి, అంత పొడవు కత్తిరించి, తేదీ వేసి వరసగా అంటించండి. "నిన్నటికన్నా పెద్దది" అని వేలు పెట్టి చూపిస్తారు. ఒక్కో పని పదిహేను, ఇరవై నిమిషాలు మించనివ్వకండి.

ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచండి. చిప్పల దగ్గరికి చీమలొచ్చి పిల్లలంతా వాటి చుట్టూ మూగితే, ఆ రోజు పని పక్కన పెట్టి చీమల వెంటే వెళ్లండి. చాలాసార్లు తర్వాతి ప్రాజెక్టు అక్కడే దొరుకుతుంది.

చివరి రోజు చిప్పలోని మెంతికూర పిల్లలతో గిల్లించి, బాగా కడిగి పప్పులో వేయించండి. చాలకపోతే బజారు నుంచి ఒక కట్ట కలపండి. పేరెంట్స్ వచ్చినప్పుడు దారాల చార్టు గురించి మీరు మాట్లాడకండి, పిల్లనే చెప్పనివ్వండి.