పాత భయం సినిమాలో ఎవరికి మాట దక్కింది? పర్లాకిమిడి వైపు చూపించే పద్ధతి

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండెక్కితే సవర. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు జనానికి పాత గోథిక్ సినిమా, అంటే చీకటితో నీడలతో భయపెట్టే సినిమా చూపించి, అందులో ఎవరికి చోటుందో మాట్లాడించాలంటే రెండు సినిమాలు పక్కపక్కన పెట్టాలి. 1932 నాటి ‘వైట్ జాంబీ’ ఒక సాయంత్రం, 1943 నాటి ‘ఐ వాక్‌డ్ విత్ ఎ జాంబీ’ మర్నాడు. ఒక్కోటీ డెబ్బై నిమిషాల లోపే. రెండు కథలూ కరీబియన్ దీవుల్లోవే. జాంబీ అంటే మంత్రంతో లేపి, చెప్పినట్టు ఆడించే శవం.

బాగా చీకటి పడ్డాకే మొదలుపెట్టండి. ఇవి నీడల మీద నడిచే సినిమాలు, కిటికీలోంచి కాస్త వెలుతురు వచ్చినా నల్లటి ముఖాలు తెరలో కలిసిపోతాయి. ఎవరు కనబడుతున్నారో చూడడానికి కూర్చున్నవాళ్లకి ఆ ముఖాలే కనబడకపోతే ఇక చర్చ దేనికి? ముఖ్యమైన పది పన్నెండు డైలాగులు తెలుగులో, ఒడియాలో రాసి ముందే పంచండి. సినిమా నడుస్తుండగా అర్థం చెప్పకండి.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పాత్రకి పేరుందా, మాటలున్నాయా, ముఖం దగ్గరగా చూపించారా, చివరికి ఏమైంది. ముగ్గురేసి మనుషులకి ఒక్క పాత్రే అప్పగించండి. అందరికీ అన్నీ లెక్కపెట్టమంటే సినిమా చూడరు, గళ్లూ నిండవు.

మొదటి సినిమాలో చక్కెర మిల్లు సీను అయ్యాక ఆపండి. గానుగ తిప్పుతున్న శవాల్లో ఒకడు లోపల పడిపోతాడు, మిగతావాళ్లు ఆగరు. ‘వైట్’ అని పేర్లో ఉన్న భయం మాత్రం ఒక తెల్లమ్మాయికి ఏమవుతుందోనని. కథ జరిగే హైతీ అప్పటికి అమెరికా సైన్యం చేతిలో ఉంది, 1915 నుంచి 1934 దాకా. గోపాలపురం రేవు నుంచి రంగూన్ వెళ్లిన కూలీల సంగతి గంజాం ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. మీ ఇంట్లో ఎవరు వెళ్లారని ఇక్కడే అడగండి, మాట దానంతటదే వస్తుంది.

రెండో సినిమా దగ్గర లెక్క మోసం చేస్తుంది. డార్బీ జోన్స్ వేసిన కార్‌ఫోర్ అనే జాంబీకి ఒక్క మాటా లేదు, అయినా తెర నిండా అతనే గుర్తుంటాడు. థెరిసా హారిస్ వేసిన ఆల్మా పనిమనిషే, కానీ ఆమెకి తనదైన తెలివీ చొరవా ఉన్నాయి. గుర్రబ్బండి తోలేవాడు తమ పూర్వీకుల్ని ఓడలో ఎలా తెచ్చారో చెప్తాడు. దానికి బండిలో కూర్చున్న తెల్ల నర్సు, సినిమా నాయిక, మిమ్మల్ని అందమైన చోటికే తెచ్చారు కదా అన్నట్టు బదులిస్తుంది. అక్కడ ఆపి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఉండనివ్వండి. దర్శకుడు టూర్నర్ ఆమెను తప్పుపట్టడు, వెనకేసుకురాడు. ఆ పని చూసేవాళ్లదే.

ఊడూ పూజ సీను రాగానే వెనకనుంచి ఎవరో ఒకరు ‘చిల్లంగి’, అంటే చేతబడి, అంటారు. నవ్వి వదిలేయకండి. ఆ మాట పడ్డవాళ్లని కొట్టి ఊరి నుంచి తరిమేస్తారు, అందుకే ఒడిశాలో 2013లో దానిమీద ప్రత్యేకంగా చట్టం వచ్చింది. అక్కడ ఊడూ వాళ్ల దేవుళ్ల కొలుపు అని ముందే ఒక ముక్క చెప్పి సినిమా మొదలుపెడితే సరిపోతుంది. కూర్చున్నవాళ్లలో సవరలుంటే, వాళ్ల కొలుపుని దీనితో పోల్చమని మీరు అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు.