కొత్త కారుకు ట్రైలర్ వైరింగ్: సాకెట్ దగ్గర తలెత్తే సమస్యలు, వాటి పరిష్కారాలు

పాత కార్లలో ట్రైలర్ సాకెట్ అమర్చడమంటే వెనుక లైట్లకు వెళ్ళే వైర్ల నుంచి ఒక్కొక్క కొమ్మ తీసి సాకెట్ పిన్నులకు బిగించడమే. ఇప్పటి కార్లలో ఆ పద్ధతి పనికిరాదు. బ్రేక్ పెడల్ నొక్కినప్పుడు స్విచ్ నుంచి బల్బుకు నేరుగా కరెంటు పోదు. పెడల్ నొక్కారన్న సమాచారం మాత్రమే లైట్ల వంటివాటిని నడిపే చిన్న కంప్యూటరైన బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు చేరుతుంది. బల్బుకు కరెంటు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలి అన్నది ఆ మాడ్యూల్ నిర్ణయిస్తుంది, ఇచ్చిన తరువాత కూడా ఎంత పోతోందో కొలుస్తూనే ఉంటుంది. ఒకే 21 వాట్ల బల్బు ఉండవలసిన చోట రెండు బల్బుల కరెంటు కనిపిస్తే, ఎక్కడో లోపం ఉందని భావించి ఆ లైనునే ఆపివేయవచ్చు.

ఈ కారణంగానే ట్రైలర్ కోసం విడిగా ఒక మాడ్యూల్‌ను అమర్చుతారు. అది కారులోని క్యాన్ బస్ (మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకొనే వైర్ల జత) నుంచి సమాచారాన్ని మాత్రం తీసుకొని, బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజు ద్వారా తెచ్చుకొన్న కరెంటుతో ట్రైలర్ లైట్లను వెలిగిస్తుంది. దీనికంటే చవకైన మార్గం బైపాస్ రిలే. అది కారు వెనుక లైటు వైరు నుంచి కొన్ని మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకొని సంకేతాన్ని గ్రహిస్తుంది, మిగిలిన పని బ్యాటరీ కరెంటుతోనే చేస్తుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి సొంతంగా అమర్చుకొన్నవారికి ఎదురయ్యే సమస్యలను ఇక్కడ వివరిస్తున్నాను.

పరీక్షకు మల్టీమీటర్ తప్పనిసరి. అయితే నా దృష్టిలో అంతకంటే విలువైన పనిముట్టు ఒక హోల్డరులో బిగించి రెండు వైర్లు తగిలించిన 21 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు. అది ఎందుకు అవసరమో మొదటి సమస్యలోనే తెలుస్తుంది.

సాకెట్‌లో ఏ పిన్నుకూ కరెంటు రావడం లేదు

అన్నీ సరిగ్గా బిగించి, ఇండికేటర్ వేసి, మల్టీమీటర్ మొనలను సాకెట్‌లో పెట్టి చూస్తే మీటరు సున్నా చూపుతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఇలాగే జరిగింది. డిక్కీ లోపలి ప్యానెళ్ళన్నీ మళ్ళీ ఊడదీసి, ప్రతి కనెక్టరునూ పీకి పెట్టి, సగం రోజు గడిపిన తరువాత, చివరికి విసిగిపోయి ట్రైలర్ ప్లగ్గునే తగిలించాను. లైట్లన్నీ వెలిగాయి. వైరింగ్‌లో ఏ లోపమూ లేదు; లోపమంతా నేను పరీక్షించిన తీరులోనే ఉంది.

చాలా మాడ్యూళ్ళు సాకెట్‌కు ట్రైలర్ తగిలించి ఉన్నదని నిర్ధారించుకొన్న తరువాతే కరెంటు వదులుతాయి. ఆ నిర్ధారణకు అవి చూసేది బల్బు ఫిలమెంట్ లాగే లోడ్‌ను. మల్టీమీటర్ దాదాపు ఏమీ లాగదు, ఎల్ఈడీ టెస్టర్ లాగేది అత్యల్పం. కనుక మాడ్యూల్ దృష్టిలో అక్కడ ట్రైలర్ లేనట్టే. 21 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. దానిని ఎడమ ఇండికేటర్ పిన్నుకూ ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) పిన్నుకూ మధ్య పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇండికేటర్ వేసి చూడండి. ఐఎస్ఓ 1724 ప్రకారం ఉండే 7 పిన్నుల సాకెట్‌లోనూ, ఐఎస్ఓ 11446 ప్రకారం ఉండే 13 పిన్నుల సాకెట్‌లోనూ మొదటి ఏడు పిన్నుల క్రమం ఒక్కటే: 1 ఎడమ ఇండికేటర్, 2 వెనుక ఫాగ్ లైటు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్ లైటు, 6 బ్రేక్ లైట్లు, 7 ఎడమ టెయిల్ లైటు. వైర్ల రంగులు వరుసగా పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు, నలుపు. 13 పిన్నుల సాకెట్‌లో రివర్స్ లైటు 8వ పిన్నుకు వస్తుంది.

బల్బు పెట్టినా వెలగకపోతే అప్పుడు వైరింగ్‌ను అనుమానించాలి. ముందుగా మాడ్యూల్‌కు బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన ఫ్యూజును చూడండి. చూడటం అంటే ఫ్యూజును కంటితో చూసి సరిపెట్టుకోవడం కాదు, అది బిగించి ఉన్నప్పుడు దాని రెండు వైపులా వోల్టేజిని కొలవడం. అదీ బాగుంటే క్యాన్ బస్ వైర్ల వంతు. హై, లో అనే ఈ రెండు వైర్లు ఒకదానితో ఒకటి మెలితిరిగి ఉంటాయి. అమర్చేటప్పుడు ఇవి తారుమారు కావడం మామూలే. ఇంజిన్‌కు సంబంధించిన హై స్పీడ్ బస్ మీద సందేశాలు లేని క్షణంలో రెండూ 2.5 వోల్టుల వద్ద ఉంటాయి, సందేశం వెళ్ళేటప్పుడు హై సుమారు 3.5కు పెరుగుతుంది, లో 1.5కు తగ్గుతుంది. కాబట్టి మీటరులో హై వైరు 2.5కు కాస్త పైన, లో వైరు కాస్త కింద చూపాలి. బ్యాటరీ ఊడదీసి రెండు వైర్ల మధ్య నిరోధాన్ని కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి, ఎందుకంటే బస్ రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. సౌకర్యాల కోసం వాడే కొన్ని లో స్పీడ్ బస్‌లకు ఈ కొలతలు వర్తించవు. ఏ బస్ అయినా సరే, దాని వైర్లకు టెస్ట్ ల్యాంపును తగిలించకండి. ఆ బల్బు లాగే కరెంటును భరించే శక్తి క్యాన్ బస్ సర్క్యూట్లకు లేదు.

ఎడమ ఇండికేటర్ వేస్తే కుడి బ్రేక్ లైటు మసకగా మిణుకుతోంది

ఒక లైటు వేస్తే సంబంధం లేని మరొక లైటు స్పందించిందంటే ఆ లోపం నూటికి తొంభై పాళ్ళు ఎర్త్‌లోనే ఉంటుంది. మాడ్యూల్‌ను మార్చే ముందు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడం డబ్బు ఆదా చేస్తుంది.

ట్రైలర్ ఎడమ లైటు డబ్బాలోని ఇండికేటర్, బ్రేక్, టెయిల్ బల్బులు మూడింటికీ ఎర్త్ వైరు ఒక్కటే. అది తుప్పు పట్టి తెగిందనుకోండి. ఎడమ ఇండికేటర్ బల్బులోకి వచ్చిన కరెంటుకు నేరుగా వెనక్కి పోయే దారి ఉండదు. అది అదే డబ్బాలోని బ్రేక్ బల్బు ఫిలమెంటులోకి వెనుక నుంచి ప్రవేశించి, రెండు వైపుల బ్రేక్ లైట్లనూ కలిపే 6వ పిన్ను వైరు మీదుగా కుడి డబ్బాకు చేరి, అక్కడి బ్రేక్ బల్బు గుండా బాగున్న ఎర్త్‌కు పోతుంది. మూడు 21 వాట్ల బల్బులు వరుసగా కలిసినట్టవుతుంది గనుక ఒక్కొక్కదానికి దక్కేది సుమారు 4 వోల్టులే. ఎర్రని మసక వెలుతురు అక్కడి నుంచి వచ్చిందే.

లోపం డబ్బాలో గాక 3వ పిన్నులోనే ఉంటే లక్షణాలు వేరుగా ఉంటాయి. ఒక్క లైటు వేస్తే బాగానే వెలుగుతుంది, రెండవది వేయగానే రెండూ మసకబారుతాయి, గతుకుల రోడ్డు మీద అన్నీ ఆరి వెలుగుతుంటాయి. ఇలాంటప్పుడు కరెంటు టో బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద ఉన్న ఇనుము రాపిడి ద్వారా తిరిగి వస్తోందని గ్రహించాలి.

పరిష్కారం కోసం నిరోధాన్ని కొలిచి ప్రయోజనం లేదు. వందల పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా ఓములే చూపుతుంది. లైట్లన్నీ వేసి ఉంచి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ వద్ద, రెండవ దానిని లైటు డబ్బాలోని ఎర్త్ పిన్ను వద్ద పెట్టి వోల్టేజిని చూడండి. అర వోల్టు దాటితే దారిలో ఏదో అడ్డు ఉన్నట్టే. రెండవ మొనను అక్కడి నుంచి ట్రైలర్ ప్లగ్గుకు, సాకెట్‌కు, కారు బాడీ మీది ఎర్త్ బోల్టుకు వరుసగా జరుపుతూ వస్తే, ఆ వోల్టేజి ఒక్కసారిగా పడిపోయిన చోటికి కాస్త వెనుకనే లోపం ఉంటుంది. ఎర్త్ బోల్టు కింద పెయింటు ఉంటే గీకి, మెరిసే లోహం కనిపించేదాకా శుభ్రం చేసి, బిగించిన తరువాత పైన గ్రీజు పూయాలి.

లైట్లన్నీ వెలుగుతున్నాయి, కానీ కారు ట్రైలర్‌ను గుర్తించడం లేదు

రివర్స్ గేరు వేయగానే పార్కింగ్ సెన్సర్లు ఆగకుండా మోగడం దీనికి తొలి గుర్తు. ట్రైలర్‌నే అడ్డంకిగా భావిస్తాయవి. చిరాకు కలిగించే ఆ మోత నిజానికి చిన్న విషయం. ట్రైలర్ ఊగిసలాడినప్పుడు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి అదుపు చేసే స్థిరత్వ వ్యవస్థ కూడా అప్పుడు మేలుకోదన్నదే అసలు విషయం.

బైపాస్ రిలే అమర్చినవారికి ఇది లోపం కాదు, ఆ పద్ధతికి ఉన్న పరిమితి. అది క్యాన్ బస్‌తో మాట్లాడదు. మాడ్యూల్ అమర్చిన తరువాత కూడా ఇలాగే ఉంటే కోడింగ్ మిగిలి ఉందని అర్థం. కారు కంప్యూటర్‌కు ఈ కొత్త మాడ్యూల్ ఉన్నదని డయాగ్నస్టిక్ పరికరంతో నమోదు చేయాలి, స్థిరత్వ వ్యవస్థలోనూ పార్కింగ్ వ్యవస్థలోనూ ట్రైలర్ ఎంపికను విడివిడిగా ఆన్ చేయాలి. కోడింగ్ చేసినా గుర్తించకపోతే ట్రైలర్ లైట్లు ఎల్ఈడీలేమో చూడండి. 21 వాట్ల బల్బు స్థానంలో రెండు మూడు వాట్ల ఎల్ఈడీ ఉంటే మాడ్యూల్‌కు అది కనిపించకపోవచ్చు. ఎల్ఈడీలకు అనువైన మాడ్యూల్ సరైన మందు. లోడ్ రెసిస్టర్లు తగిలించే పద్ధతీ ఉంది గాని, అవి బల్బు తినే వాట్లన్నింటినీ వేడిగా మార్చివేస్తాయి గనుక ప్లాస్టిక్‌కు ఆనించకుండా లోహపు రేకుకు బిగించాలి.

ఒక మాట. ట్రైలర్ తగిలించినప్పుడు కారు వెనుక ఫాగ్ లైటు ఆరిపోయి ట్రైలర్‌దే వెలిగితే కంగారు పడనక్కరలేదు. కారు ఫాగ్ లైటు వెలుతురు ట్రైలర్ ముందు భాగం మీద పడి డ్రైవరు కళ్ళలోకి తిరిగి రాకుండా కావాలనే అలా చేశారు.

ట్రైలర్ లైట్లు ఆపి ఉన్నా తళుక్కుమంటున్నాయి, లేదా రిలే బుర్రుమంటోంది

మొదటిది బల్బు పరీక్ష. మాడ్యూల్ మధ్యమధ్య అతి స్వల్ప కాలం కరెంటు పంపి ఫిలమెంట్ ఉందో లేదో చూసుకొంటుంది. ఫిలమెంట్ వెలిగేలోపే అది ఆగిపోతుంది, ఎల్ఈడీకి మాత్రం ఆ కాస్త చాలు. రెండవది బైపాస్ రిలేలలో కనిపిస్తుంది. కొన్ని కార్లలో ఒకే బల్బును తక్కువ వెలుతురుతో టెయిల్ లైటుగా, పూర్తి వెలుతురుతో బ్రేక్ లైటుగా వాడతారు. తక్కువ వెలుతురు కోసం కరెంటును సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా ఆపి వదులుతారు. మామూలు రిలే ఆ వేగాన్ని అందుకోబోయి బుర్రుమంటుంది. అలాంటి సంకేతాన్ని చదవగలిగే రిలే తెచ్చుకోవడమో, మాడ్యూల్‌కు మారడమో చేయాలి.

రెండు మూడు రోజులు నిలిపితే కారు స్టార్ట్ కావడం లేదు

తాళం వేసిన తరువాత కారులోని మాడ్యూళ్ళన్నీ ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకోవాలి. అందుకు కొన్ని కార్లకు కొద్ది నిమిషాలు పడితే, కొన్నిటికి అరగంట దాటుతుంది. నిద్రపోయిన తరువాత మొత్తం వాడకం సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉంటుంది. కోడింగ్ సరిగ్గా లేని మాడ్యూల్ బస్ మీద పలకరిస్తూనే ఉంటే మిగిలినవీ మేలుకొనే ఉంటాయి. వాడకం అర ఆంపియర్ దగ్గర నిలిచిందనుకొంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండున్నర రోజుల్లో సగానికి దిగుతుంది.

వైరును తెంచకుండా దాని చుట్టూ పెట్టి కరెంటును కొలిచే క్లాంప్ మీటరును బ్యాటరీ నెగటివ్ కేబుల్ చుట్టూ పెట్టి, బానెట్ గడియను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తిప్పి, కారుకు తాళం వేసి వేచి ఉండండి. గడియ తెరిచి ఉన్నట్టు తెలిస్తే కారు నిద్రపోదు. అంకె దిగకపోతే ముందుగా సాకెట్‌లో మరచిపోయిన 13 నుంచి 7 పిన్నుల అడాప్టర్ ఉందేమో చూసి తీసివేయండి. అప్పటికీ దిగకపోతే ట్రైలర్ మాడ్యూల్ ఫ్యూజు పీకి, మరొక అరగంట ఆగి మళ్ళీ చూడండి. ఫ్యూజు తీయగానే దిగిందా, అరగంట తరువాత దిగిందా అన్నది ముఖ్యం: వెంటనే దిగితే ఆ కరెంటును మాడ్యూల్ స్వయంగా తాగుతోంది, ఆలస్యంగా దిగితే అది ఇతర మాడ్యూళ్ళను మేల్కొలుపుతోంది.

ట్రైలర్‌లోని ఫ్రిజ్ చల్లబడటం లేదు, బ్యాటరీ ఛార్జి కావడం లేదు

13 పిన్నుల సాకెట్‌లో 9వ పిన్ను ఎప్పుడూ ఉండే కరెంటు, 10వది ఇంజిన్ నడిచేటప్పుడు వచ్చే కరెంటు. వీటి ఎర్త్‌లు వరుసగా 13, 11. కొన్ని కిట్లలో ఈ నాలుగు వైర్లు ఉండవు, విడిగా కొని అమర్చాలి.

వైర్లు ఉన్నా పని చేయకపోతే వైరు మందాన్ని చూడండి. 6 మీటర్ల పొడవు, 1.5 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగి వైరులో 10 ఆంపియర్లు వెళ్ళి రావడంలోనే సుమారు 1.4 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో ఆ నష్టం 0.84కు తగ్గుతుంది. వైరు సరిపోయినా ఫలితం లేకపోతే కారణం ఆల్టర్నేటర్. కొత్త కార్లలో అది ఇంధనం ఆదా కోసం వోల్టేజిని 12 పైచిలుకుకు దించుతుంది, వేగం తగ్గించేటప్పుడు 15 దరిదాపులకు పెంచుతుంది. వోల్టేజి పెరిగితేనే కలిసే రిలే ఇక్కడ ఇంజిన్ ఆగిందనుకొని మాటిమాటికీ విడిపోతుంది. దాని స్థానంలో ఇగ్నిషన్ సంకేతంతో పని చేసే రిలేను వాడాలి. ట్రైలర్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే, వచ్చే వోల్టేజిని బ్యాటరీకి కావలసినంతకు మార్చి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఎర్త్‌ను మాత్రం బ్యాటరీ నెగటివ్ పోస్టుకు నేరుగా బిగించకండి. అక్కడ ఉండే, కరెంటును కొలిచే సెన్సర్‌ను దాటేసిన కరెంటు కారు లెక్కలోకి రాదు.

కొన్ని నెలలు బాగా పనిచేసి ఆగిపోయింది

ఇది దాదాపు ఎప్పుడూ నీటి పనే. సాకెట్ వెనుక మూత విప్పితే రాగి పిన్నుల మీద ఆకుపచ్చని పొడి కనిపిస్తుంది. మరొక అనుమానం, వైరు ఒలవకుండా పైన నొక్కి బిగించే క్లిప్పు కనెక్టర్లు. వాటి పలుచని రేకు వైరు పోగులను కోసి, తేమకు దారి ఇస్తుంది. వాటిని తీసివేసి క్రింప్ చేసిన జాయింటు మీద జిగురు గల ష్రింక్ స్లీవ్ వేయాలి. డిక్కీ నేలలోంచి వైరు దిగే రబ్బరు గ్రామెట్‌ను కూడా పరిశీలించండి. గ్రామెట్ కింద వైరును కొద్దిగా వేలాడేలా వంపు తిప్పి పైకి తెస్తే, వైరు వెంట జారిన నీరు లోపలికి పాకకుండా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.