ఎండలు ముదరకముందే గొడ్ల సంగతి చూడండి

రోహిణి కార్తెలో గొడ్డు కూలబడ్డాక పరుగులు పెట్టి లాభం లేదు. ఉగాది దాటగానే పని మొదలుపెట్టాలి.

ముందు గేదెల గురించి. నల్లటి తోలు, చెమట పట్టేది తక్కువ. చెరువులో పడుకోవడం దానికి షోకు కాదు, ఒళ్లు చల్లబరుచుకునే దారి. చెరువు ఎండిపోతే ఆ పని మనం చెయ్యాలి: ఎండపూట రెండు మూడుసార్లు నీళ్లతో తడపాలి. రేకుల షెడ్డయితే పైన గడ్డి పరిచి తడిపి ఉంచండి. పక్కల గోనెపట్టాలు కట్టినా గాలి ఆడే దారి వదలండి.

చెట్టు కింద కట్టాం కదా అని వదిలేయకండి. పొద్దున్న నీడలో ఉన్న గుంజ పన్నెండింటికి ఎండలో ఉంటుంది, గొడ్డు పలుపు చివరికంటా లాక్కుని నీడ అంచున ముట్టె పెట్టుకుని నిలబడుతుంది. నీళ్ల తొట్టి కూడా అంతే, నీడలోనే ఉండాలి. కాగిన నీళ్లు సరిగా తాగదు.

చాలా పాకల్లో పాలిచ్చేదాని నెత్తిన ఫ్యాను తిరుగుతుంటుంది, ఒట్టిపోయినదీ దున్నదూడా బయట ఎండలో ఉంటాయి. ఎండకు పాలలెక్క తెలియదు. ఫ్యాను పెట్టలేకపోతే పోనీ, నీడా బకెట్ నీళ్లూ ఏమంత ఖర్చు?

ఎద్దులతో పని తెల్లవారుజామునే ముగించండి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి కట్టకూడదని, రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఇసుక బళ్ల దగ్గర దీన్ని పట్టించుకునేవాళ్లు నాకైతే కనపడలేదు. కాడి దించాక మెడ తడిమి చూడండి. వాపు గానీ పుండు గానీ ఉంటే మానేదాకా కాడి ఎత్తొద్దు.

జొన్న కోసిన చేలో ఓ వాన పడితే మోళ్ల నుంచి పచ్చటి పిలకలు వస్తాయి. మేత కరువులో అవి ఆశ పుట్టిస్తాయి గానీ, అందులో సైనైడ్ విషం ఉంటుంది. ఈ పిలకల్నే నాము అంటారు. నాము తిన్న గొడ్డు నిమిషాల్లో తూలి పడిపోవచ్చు. అటు తోలనే తోలకండి. తిన్నదని తెలిస్తే డాక్టర్ సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు, కాస్త ఆలస్యమైనా దక్కదు.

పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ తొట్లో పోయడం పుణ్యం అనుకుంటారు. కడుపు పులిసిపోయి గొడ్డు చచ్చే ప్రమాదం ఉంది.

నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి. పడిపోయినదాని నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆలోపు మరొకరు 1962కి ఫోన్ చెయ్యాలి. సంచార పశువైద్యశాల నంబర్ అది, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒకటే. ఇప్పుడే పాక గుంజ మీద రాసిపెట్టుకోండి.